ఎవరూ తొక్కని దారి అనే అబద్ధం

విశాఖ మన్యం కొండలెక్కి వచ్చినవారి యాత్రావర్ణనలలో మూడు మాటలు తరచుగా కనబడుతున్నాయి: ఎవరికీ తెలియని శిఖరం, ఎవరూ తొక్కని దారి, మేము కనుగొన్న చోటు. ఈ మూడూ అబద్ధాలని నా వాదం. అందంగా ఉంటే అబద్ధమైనా సాహిత్యంలో చెల్లుతుందనే రసికులున్నారు. చెల్లవచ్చు. కాని ఈ అబద్ధానికి మూల్యం చెల్లిస్తున్నది దాన్ని రాసినవారు కారు. అందుకే ఈ నాలుగు మాటలు.

అడవిలో కాలిబాట తనంత తాను పుట్టదు, తనంత తాను నిలవదు. రెండు వానాకాలాలు మనిషి నడవకపోతే తుప్పలు దాన్ని మింగేస్తాయి. కనుక మీ పాదాల కింద బాట ఉన్నదంటే, నిన్ననో మొన్ననో దాని మీద ఎవరో నడిచారన్నమాట. సంతకు పసుపు మోసుకుపోయినవారో, పోడుచేనుకు కావలి వెళ్ళినవారో, గెడ్డ దాటి ఆడపడుచును చూడబోయినవారో. "ఎవరూ తొక్కని" అనడంలో ఆ "ఎవరూ" అన్న లెక్కలోకి బగతలు, కొండదొరలు, కోదులు, పోర్జలు, గదబలు రారన్నమాట. ఇది కవితావేశంలో దొర్లిన పొరపాటు కాదు. ఎవరిని మనుషులుగా లెక్కిస్తున్నామో చెప్పకనే చెప్పే వ్యాకరణం.

ఇక తెలియని శిఖరాల సంగతి. తూర్పు కనుమలు ఆకాశాన్ని ఒరుసుకునే పర్వతాలు కావు. 1700 మీటర్లు దాటిన శిఖరం వాటిలో లేదు. అయినా వీటిలో ఎత్తైనది ఏదో మన చదువులు మనకు సరిగా చెప్పలేదు. మహేంద్రగిరి అనీ, దాని ఎత్తు 1501 మీటర్లనీ పాఠ్యపుస్తకాలు చాలాకాలం వల్లె వేయించాయి. కోరాపుట్‌లోని దేవమాలి 1672 మీటర్లని, మన మన్యంలోని జిందగడ, అంటే అర్మకొండ, అంతకన్నా కాస్త ఎక్కువేనని ఆ పుస్తకాలు బట్టీపట్టిన తరాలలో ఎందరికి తెలుసు? ఎవరెస్టు ఎత్తు నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగిన మనకు మన ఇంటి పెరటి కొండ పేరు నోరు తిరగదు. తెలియనిది శిఖరం కాదు, మన అజ్ఞానానికే శిఖరమని పేరు పెట్టుకున్నాం.

పేర్ల దగ్గరికి వచ్చాం కనుక మరొక మాట. లంబసింగిని "ఆంధ్రా కాశ్మీరం" అంటున్నారు, అరకును "ఆంధ్రా ఊటీ" అంటున్నారు. సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున ఉండి, చలికాలంలో ఉష్ణోగ్రత సున్నా దరిదాపులకు పోయే ఆ ఊరికి కొర్రబయలు అని మరో పేరుంది. ఆరుబయట ఉండిపోయినవాడు కొయ్యలా బిగిసిపోతాడని ఆ పేరుకు చెప్పుకునే అర్థం. ఒక్క మాటలో ఆ కొండ చలినీ, దాని హెచ్చరికనూ ఇమిడ్చిన పేరు చేతిలో ఉండగా మరెక్కడి పేరునో అరువు తెచ్చుకున్న భాషాభిమానం మనది! ముంచింగిపుట్టు, దుంబ్రిగుడ వంటి పేర్లను సరిగా పలకడానికే ఓపిక లేనివారు ఆ కొండల సౌందర్యాన్ని వర్ణిస్తామంటే నమ్మడం ఎట్లా?

ఆ చలిని చూడడానికి నర్సీపట్నం నుంచి ఎక్కే ఘాట్ దారి ఉన్నదే, దానికొక చరిత్ర ఉంది. గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ నర్సీపట్నం, లంబసింగిల మధ్య దారి పని గిరిజనులచేత చాలీచాలని కూలికి, బలవంతంగా చేయించాడు. అప్పటికే 1882 నాటి మద్రాసు అటవీ చట్టం పోడునూ అడవిలో నడకనూ నేరాలుగా మార్చి ఉంది. ఆ కడుపుమంటలోంచే మన్యం తిరుగుబాటు లేచింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు ఠాణాపై దాడి జరిగింది. 1924 మే 7న అల్లూరి సీతారామరాజును కాల్చి చంపారు. అంతకాలం తెల్లదొరల పటాలాన్ని ముప్పుతిప్పలు పెట్టినవాటిలో విల్లంబులు ఎంతో, ఈ "ఎవరూ తొక్కని" కాలిబాటలూ అంతే. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన జిల్లాకు రాజుగారి పేరు పెట్టుకున్నాం, సంతోషం. ఆయనను నడిపించిన బాటలను మాత్రం సెల్ఫీలకు వదిలేశాం.

అసలు విషయానికి వస్తాను. మనం సరదాకు ఎక్కే దారికి మనం పెట్టిన పేరు ట్రెక్కింగ్. అటువంటి దారి మీదనే నొప్పులు పడుతున్న గర్భిణిని కర్రకు కట్టిన దుప్పటిలో పడుకోబెట్టి, ఇద్దరు భుజాలకెత్తుకుని ఆసుపత్రి వైపు పరుగుతీస్తే దాని పేరు డోలీ. బురద ఒకటే, ఏటవాలు ఒకటే, జారే రాయీ ఒకటే. ఒకరికి అది వారాంతపు వినోదం, ఇంకొకరికి తల్లీబిడ్డల ప్రాణం. డోలీ మోతల వార్తలు ఏటా పత్రికల్లో వస్తూనే ఉన్నాయి. 2023 నవంబరులో మొదలైన కేంద్ర పథకం పీఎం జన్‌మన్, 2025 ఏప్రిల్‌లో రాష్ట్రం ప్రారంభించిన "అడవితల్లి బాట" ఈ గూడేలకు రోడ్లు వేస్తామంటున్నాయి. వేయాలి. స్వాతంత్ర్యం వచ్చి ఇన్ని దశాబ్దాలయ్యాక వేస్తున్నందుకు మెచ్చుకోవడంకన్నా, ఆగకుండా వేస్తున్నారా లేదా అని కనిపెట్టి ఉండడం మన పని. కొండ మీదికి వెళ్ళి వచ్చి మబ్బుల గురించి పది పేరాలు రాసేవారు దిగువ గూడేనికి అంబులెన్సు వస్తుందా అని ఒక్క వాక్యమైనా అడిగి రాయరేం?

పర్యాటకం వల్ల గిరిజనులకు నాలుగు డబ్బులు వస్తున్నాయి కదా అని ఒక ఆక్షేపణ ఉంది. వస్తే మంచిదే. ప్రశ్నల్లా గుడారం ఎవరిది, టీకొట్టు ఎవరిది అన్నదే. మారేడుమిల్లిలో వన సంరక్షణ సమితి సభ్యులైన గిరిజనులే విడిదులు నడపడం మనం చూసినదే. కనుక అది అసాధ్యం కాదు. కాని కొండ పేరు మోగిన కొద్దీ మైదానం పెట్టుబడి కన్ను భూమి మీద పడుతుంది. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా అడ్డుకునేది 1970 నాటి ఒకటో నిబంధన, అదే 1/70. ప్రైవేటు గనుల లీజులకూ ఆ నిషేధం వర్తిస్తుందని 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పర్యాటకం కోసం ఆ చట్టాన్ని సడలించాలన్న మాట 2025లో బాధ్యతగల నోటినుంచే వెలువడింది. ఆ ఫిబ్రవరిలో మన్యం బంద్ చేసింది. చట్టాన్ని మార్చబోమని ముఖ్యమంత్రి ప్రకటించవలసి వచ్చింది. "ఎవరూ లేని కొండ" అని మనం రాసే ప్రతి వాక్యమూ, ఎవరూ లేరు కనుక తీసుకుందాం అనే వాడికి సాక్ష్యపత్రమే. వర్ణనకూ కబ్జాకూ ఇంత దగ్గరి చుట్టరికం ఉందని మన ప్రకృతి ప్రేమికులు గుర్తించాలి.

అయితే కొండలు ఎక్కవద్దంటావా అని మీరడగవచ్చు. ఎక్కమనే అంటాను. మైదానంలో పుట్టినవాడు జీవితంలో ఒక్కసారైనా ఒక కొండను మొదలునుంచి శిఖరం దాకా తన కాళ్ళతో కొలవాలి. కాని ఎక్కేముందు ఊళ్ళో ఆగాలి. ఆ ఊరి మనిషిని, అడిగినంత కూలి ఇచ్చి, దారిచూపమని వెంటబెట్టుకోవాలి. వలిస పూలు విరగబూసిన చేను నూనెగింజల పంట అనీ, అందులో మనం తొక్కిన ప్రతి మొక్కా ఒకరి గింజలేననీ తెలుసుకోవాలి. తెచ్చుకున్న సీసాలూ సంచులూ తిరిగి మోసుకుపోవాలి. కొండ మీద మునిసిపాలిటీ బండి ఉండదు. శిఖరానికి, గెడ్డకు, మలుపుకు, దారిలో దణ్ణం పెట్టుకునే రాయికి ఏ పేరుందో అడిగి, ఆ పేరుతోనే రాయాలి. ఇందులో ఒక్కటీ కష్టసాధ్యం కాదు. అహంకారం ఒక్కటే కాస్త దిగాలి.

కొండను మనం కనుగొన్నామనడంలో ఘనతేమీ లేదు. అది అక్కడే ఉంది, దాని మనుషులూ అక్కడే ఉన్నారు. ఆలస్యంగా వెళ్ళింది మనం. ఆలస్యంగా వెళ్ళిన చుట్టం ఇంటివారి పేరడిగి లోపలికి అడుగుపెట్టడం మన పల్లెల్లో మర్యాద. కొండమీద ఆ మర్యాద మారడానికి కారణం నాకేమీ కనిపించడం లేదు. మీకు కనిపిస్తే చెప్పండి, వాదించుకుందాం.