దొరల కారు వింటేజ్, గరీబోడి లారీ కబాడ్

హైదరాబాద్ చౌమొహల్లా ప్యాలెస్‌లో నిజాముల పసుపుపచ్చ రోల్స్ రాయిస్ ఉంది. 1912 నాటిది. టికెట్ కొనుక్కొని జనం దాని ముందు ఫొటోలు దిగుతరు. నూరేండ్లు దాటిన ఆ బండిని కబాడ్ అన్న మొగోడు ఇంతవరకు లేడు. అదే మిర్యాలగూడ రైస్ మిల్లు ముందు వడ్ల బస్తాలతో లైన్ల నిలబడ్డ ఇరవై ఏండ్ల లారీని చూస్తే మాత్రం అందరికీ పొగ గుర్తొస్తది, యాక్సిడెంట్లు గుర్తొస్తయి, పర్యావరణం గుర్తొస్తది.

ఇది చూసేవాళ్ల కండ్లల్లో ఉన్న ఫరక్ మాత్రమే కాదు. ఖానూన్‌లనే రాసిపెట్టిన్రు. 2021 జూలైలో కేంద్ర హుకూమత్ వింటేజ్ బండ్ల కోసం రూల్స్ తెచ్చింది. 50 ఏండ్లు దాటిన కారు, మోటర్ సైకిల్ ఉన్నోళ్లు 20,000 కడితే పదేండ్ల రిజిస్ట్రేషన్, పైగా ప్రత్యేకమైన నంబర్ ప్లేటు. షరతు ఏందంటే, కిరాయికి తిప్పొద్దు, రోజువారీ పనికి వాడొద్దు. ఆ జాబితాలో లారీకి జాగానే లేదు. మరుసటి నెల ఆగస్టులో స్క్రాపేజ్ పాలసీ వచ్చింది. అక్టోబర్‌లో ఫీజుల హుకుం వచ్చింది. 15 ఏండ్లు దాటిన పెద్ద లారీకి ఫిట్‌నెస్ రెన్యువల్ ఫీజును 2022 ఏప్రిల్ 1 నుంచి 12,500 చేసిన్రు. అదీ ఏడాదికోసారి. అంటే ఏ పనీ చేయని పాత బండికి పదేండ్ల ఇజ్జత్, మెహనత్ చేసే పాత బండికి ఏటేటా జుర్మానా. ఇంకో ముచ్చట. పాత బండిని తుక్కుకిచ్చి కొత్తది కొంటే రోడ్ ట్యాక్స్‌లో రాయితీ అన్నరు కదా, సొంత కారుకు 25 శాతం దాకా, కిరాయి బండికి 15 శాతం దాకా. సైర్ చేసేటోడికి ఎక్కువ, రోజీ కోసం నడిపేటోడికి తక్కువ. దీన్ని ఇన్సాఫ్ అని ఎవరైనా అంటే నాకు వివరంగా సమ్‌ఝాయించాలె.

పాత లారీ ఎవరు కొంటరో మొదట తెలుసుకోవాలె. సాగర్ ఎడమ కాలువ కింద ఏ ఊరికైనా పోండి. నిన్నటిదాకా డ్రైవరో, క్లీనరో, మెకానిక్ దగ్గర షాగిర్దో అయిన మనిషి ఇరవై ఏండ్లు పైసా పైసా కూడబెట్టి, బీవీ నగలు అమ్మి, మూడు నాలుగు లక్షలకు ఒక టాటా 1613 కొంటడు. మా మామూ అట్లనే కొన్నడు. ఆ పైసల్లో సూద్ లేదు, ఎవని కర్జా లేదు. కొత్త లారీ పాతిక లక్షలు దాటుతది. బ్యాంకులో అడుగుదామంటే, ముస్లిములు ఎక్కువగా ఉండే కొన్ని ఇలాకాలను కొన్ని బ్యాంకులు సులువుగా అప్పు ఇవ్వని ప్రాంతాలుగా గుర్తుపెట్టుకున్న సంగతి 2006లోనే సచార్ కమిటీ రిపోర్టు చెప్పింది. ఇక మిగిలింది ప్రైవేటు ఫైనాన్స్. దీనికి నెల తిరిగేసరికి కిస్తీ కావాలె. వడ్ల సీజన్ వానాకాలం ఒకసారి, యాసంగి ఒకసారి, రెండూ కలిపితే మూడు నెలలు. మిగతా రోజులు ఇటుకలో, ఊకో దొరికితే కిరాయి, లేకపోతే బండి యాప చెట్టు కింద ఉంటది. చెట్టు కింద ఉన్న సొంత బండి ఏమీ అడగదు. చెట్టు కింద ఉన్న ఫైనాన్స్ బండిని గుంజుకుపోతరు. సూద్ హరామ్ అని జుమ్మా తఖ్రీరుల్లో గట్టిగా చెప్పే మౌలానాలు, సూద్ లేకుండా బతికే ఈ ఒక్క తోవను హుకూమత్ మూస్తుంటే ఎందుకు నోరు విప్పరో కూడా నాకు సమజ్ కాదు.

పొగ సంగతి. పాత ఇంజన్ కొత్త దానికంటే ఎక్కువ పొగ వదుల్తది, అబద్ధం చెప్పను. కాని ఐకేపీ సెంటర్ నుంచి మిల్లుకు ఇరవై, ముప్పై కిలోమీటర్లు. ఆ బండి ఏడాదంతా తిరిగేది, హైవే మీద కొత్త లారీ ఒక నెలలో తిరిగేదానికి సమానం కాకపోవచ్చు. ఢిల్లీ గాలి కోసం పుట్టిన ఆలోచనను తెచ్చి కాలువ గట్టు మీద పెడితే ఎట్ల? నాజిల్, పంపు సరిగ్గా సెట్ చేయిస్తే నల్లపొగ కొంత అక్కడనే ఆగుతది. ఆ పని ఊళ్లున్న ఉస్తాద్ చేస్తడు. 2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 బండి అట్ల కాదు. సెన్సర్ లైటు వెలిగిందంటే కంపెనీ వర్క్‌షాప్‌కు, ల్యాప్‌టాప్‌కు ఎదురు చూడాలె. ఆకాశంల మబ్బు, కల్లంల వడ్లు ఉన్ననాడు ఆ ఎదురుచూపు ఎవరి నెత్తి మీద పడుతదో రైతునడగండి. సెంటర్లల్ల లారీలు రాక, బస్తాలు తడిసి మొలకలెత్తిన ఫొటోలు ప్రతి యాసంగి పేపర్లల్ల వస్తనే ఉన్నయి. వడ్లల్ల తేమ 17 శాతం దాటితే కొనం అనే హుకూమతే, ఆరిన వడ్లను ఎత్తుకపోయే బండ్లను తక్కువ చేస్తున్నది.

ఇగ మనోళ్లకు కూడా రెండు మాటలు చెప్పకపోతే ఈ రాత బేఈమానీ అయితది. పాత లారీని బదనామ్ చేసింది హుకూమత్ ఒక్కతే కాదు. 1613 మొత్తం వజన్ 16 టన్నుల చిల్లర. ఖాళీ బండి ఆరు టన్నుల దాకా తీసేస్తే పది టన్నులు, అంటే 40 కిలోల బస్తాలు 250. దాని మీద 400 ఎక్కించి, ముందు చక్రాలకు రీట్రేడ్ టైర్లు వేసి, బండిని చూపించకుండనే ఏజెంట్‌తోని ఫిట్‌నెస్ కాయితం తెప్పించుకునేటోళ్లు ఉన్నరు. రోడ్డు మీద ఎదురొచ్చే స్కూటర్ మీదున్నోడి జాన్ మీ దగ్గర అమానత్. బ్రేకు పని చేయని బండితోని తెచ్చిన కమాయి హలాల్ అవుతదా అని మనల్ని మనమే సవాల్ చేసుకోవాలె.

కొనేటప్పుడు కూడా రంగు చూసి మోసపోవద్దు. ఛాసిస్ నంబర్ ఆర్‌సీతో కలుస్తదా, ఫైనాన్స్ పేరు ఆర్‌సీ మీద నుంచి తీసేసిన్రా, ట్యాక్స్, చలాన్లు బాకీ ఉన్నయా, ఇవి ముందు. తర్వాత కమాన్ పట్టీలు బిగించిన జాగల ఛాసిస్‌కు వెల్డింగ్ అతుకులుంటే ఎంత సస్తాకు ఇచ్చినా వాపస్ రావాలె. పొద్దున చల్లని ఇంజన్ స్టార్ట్ చేయించి, ఆయిల్ పోసే మూత తీసి చూడాలె. అక్కడ నుంచి గుప్పుగుప్పున పొగ కొడితే ఇంజన్ ఖోల్‌కు వచ్చినట్టే, ఆ ఖర్చు ధరలో తగ్గించమనాలె.

మేము టెస్టులు వద్దంటలేము. ఆరు నెలలకోసారి పెట్టండి, మిషన్ మీద పెట్టండి, బ్రేకు ఫెయిలైతే రోడ్డెక్కనియ్యొద్దు. కాని ఫీజు మాత్రం కొత్త లారీకి ఎంతో పాతదానికీ అంతే తీసుకోండి. టెస్టింగ్ స్టేషన్ జిల్లా దాటకుండా పెట్టండి. గడువు మార్చిలో కాకుండా, యాసంగి వడ్లు మిల్లుకు చేరినంక, జూన్‌లో పెట్టండి.