సరిహద్దు రేఖయు మాతృభాషయు

1939లో జర్మనీ పోలండుపై దండెత్తుటతో రెండవ ప్రపంచ సంగ్రామము ఆరంభమైనది. పోలండునకు ఇచ్చిన మాటకై బ్రిటను యుద్ధమున దిగినది. అయినను 1943లో టెహరానునందును, 1945లో యాల్టాయందును ఆ దేశపు ఎల్లలను గూర్చి రూజ్వెల్టు, చర్చిలు, స్టాలిను చర్చించినపుడు పోలండు ప్రతినిధి యొక్కడును అచ్చట లేడు. తూర్పు సీమలు సోవియెట్ యూనియనునకు పోయినవి. బదులుగా పడమట జర్మనీ భూములు లభించినవి. లక్షలాది జనులు ఇల్లు వాకిలి విడిచి తరలిపోయిరి.

బేరిగై పిల్లలకు ఈ కథతో పనియేమి? మనకట్టి ఘోరము సంభవింపలేదు. ఒకే దేశమున రాష్ట్రముల నడుమ గీత మారినంతనే పౌరుడు పరాయివాడు కాడు. అయినను ఒక పోలిక కలదు. 1953లో ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినపుడును, 1956లో రాష్ట్రముల పునర్విభజన జరిగినపుడును హోసూరు మద్రాసు రాష్ట్రముననే నిలిచినది. పిమ్మట పటాస్కరుగారి సిఫారసులను అనుసరించి 1960 ఏప్రిలు 1న తిరుత్తణి మద్రాసునకును, చెంగల్పట్టు, సేలం జిల్లాలలోని కొన్ని గ్రామములు ఆంధ్రప్రదేశమునకును చేరినవి. హోసూరు కదలలేదు. ఆ నిర్ణయము మన యూరి రచ్చబండపై జరిగినది కాదు. తెలుగు, కన్నడము, తమిళము ఒకే సంతలో వినవచ్చు ఈ సీమలో ఏ గీత గీసినను కొందరు ఆవల మిగులకతప్పదు.

గీత ఇతరుల చేతిది. భాష మన చేతిది. ఇదియును పోలండు చరిత్రయే చెప్పుచున్నది. 1795 మొదలు 1918 వరకు 123 ఏండ్లు ఆ దేశము పటముపై లేదు. 1901లో వ్జెష్న్యా పట్టణపు బడిపిల్లలు మతపాఠమును జర్మను భాషలో చెప్పమని నిరాకరించి బెత్తపు దెబ్బలు తినిరి. రాజ్యము పోయినను భాష పోలేదు.

తెలుగు చదివినందుకు మనలను కొట్టువారు లేరు. ప్రాథమిక విద్య మాతృభాషలో గరపుటకు వసతి కల్పింపవలెనని రాజ్యాంగపు 350-ఎ అధికరణము పలుకుచున్నది. 2006 నాటి చట్టముచే తమిళము తప్పనిసరియైనది; దానిని శ్రద్ధతో నేర్వుడు. అది మన పొరుగువారి భాష, మన రాష్ట్ర భాష. ఒక భాష నేర్చుటకు వేరొకటి విడువ నక్కరలేదు.

తలిదండ్రులారా! చట్టము హక్కు నిచ్చును గాని బల్లలపై పిల్లలను కూర్చుండబెట్టదు. తెలుగు ఉపాధ్యాయుడు లేడని అర్జీ పెట్టుటకైనను తరగతిలో పిల్లలుండవలెను గదా! బిడ్డలు లేక తెలుగు తరగతి మూతపడెనేని ఆ నింద గీత గీసినవారిపై మోపుట న్యాయము కాదు. బిడ్డను తెలుగు తరగతిలో చేర్పుడు. ఇంట తెలుగు చదివింపుడు.