డబ్లిన్ మేక, ఆదోని మేక

ఎమ్మిగనూరులో మా వదినగారి హాల్లోకి అడుగు పెట్టగానే ఎదురుగోడ మీద, దేవుడి పటాల పక్కన, గుండ్రటి వాయిద్యం ఒకటి కనిపిస్తుంది. డబ్లిన్‌లో ఉద్యోగం చేస్తున్న వాళ్ళబ్బాయి కిందటేడు తెచ్చాడు. ఐర్లండువాళ్ళదట, పేరు బౌరాన్. కొయ్య చట్రం, దానికి బిగించిన మేకతోలు, కొట్టడానికి ఓ పొట్టి పుల్ల. వచ్చినవాళ్ళందరికీ వదినగారు దాన్ని దింపి చూపిస్తారు. వాళ్ళు "ఎంత బాగుందో!" అని వేళ్ళతో తట్టి, ఆ వేళ్ళతోనే ఆవిడ పెట్టిన ఉగ్గాని తింటారు. చేతులు కడుక్కున్నవాళ్ళని నేనింతవరకూ చూడలేదు.

పన్నెండేళ్ళ మా అమ్మాయికి దాని మీద మోజు పుట్టింది. ఆదోని చేరేదాకా బస్సులో సీటు మీద దరువు వేస్తూనే ఉంది. "నాకూ అలాంటిది కొనమ్మా" అంది. దానికి డబ్లిన్ దాకా ఎందుకు, మనకి డప్పు ఉంది కదా, అదీ కొయ్య చట్రమే, మేకతోలే, అన్నాను. అంతే! ఇల్లు అంటుకుంది.

"పిల్లకు చావుబాజా నేర్పిస్తావా ఏంది?" అన్నారు వదినగారు ఫోనులో. పెళ్ళి ఊరేగింపుకీ, జాతరకీ, పీర్ల పండక్కీ మోగేది ఆ డప్పే. అదేమీ ఆవిడకి గుర్తు రాలేదు. "తాళమే కావాలంటే కంజీర కొనియ్యి, కచేరీలో వాయించేది, గౌరవంగా ఉంటుంది" అన్నారు. కంజీరకి పూర్వంనుంచీ బిగించేది ఉడుముతోలు. ఉడుమును చంపడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఉడుముకున్న గౌరవం మేకకి లేకపోయింది, ఏం చేస్తాం!

మావారు మధ్యేమార్గం చెప్పారు: "పోనీ ప్లాస్టిక్‌ది కొను. శుభ్రంగా ఉంటుంది." దాని సుగుణాలు నేను కాదనను. మంట అక్కర్లేదు, వానకి మెత్తబడదు. ఊరేగింపులో తడిసేవాడికి అది వరమే. కానీ నేర్చుకునే పిల్లకి మొదటి డప్పు తోలుదే కావాలంటాను. తేమకి తోలు సాగుతుంది, మంటకి కాస్త దూరంలో తిప్పుతూ కాస్తే బిగుస్తుంది. ఎంత కాస్తే చాలునో చెప్పేది చెవే. ఆ చెవి రావడమే సగం చదువు. కొనేముందు తోలును వెలుగుకెత్తి చూడండి, మందం అంతటా ఒకేలా ఉండాలి. చట్రం అతుకు కదలకూడదు. ఎడమ భుజానికి తగిలిస్తే పిల్ల పది నిమిషాలు మోయగలగాలి. కుడిచేతి లావు పుల్లకీ ఎడమచేతి సన్న పుల్లకీ రెండు వేరు గొంతులు పలకాలి. ఇక "శుభ్రం" అన్నమాట మేకతోలు గురించి అన్నది కాదని మావారికీ తెలుసు, నాకూ తెలుసు.

నాకు నిజంగా జవాబు దొరకనిది మా ఇంట్లోవాళ్ళ దగ్గర కాదు. ఊరి పక్క పల్లెలో డప్పులు చేసే పెద్దాయన దగ్గరికి వెళ్ళి సంగతి చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, "మా పిల్లోడు దీన్ని ముట్టనని ఇడిసిపెట్నాడమ్మా. ఊర్లో ఎవురు సచ్చినా పిలిస్తే పోవాల, కొట్టాల, దూరంగా కూకోవాల. మాకు తప్పనిది మీకు ముచ్చటయిందా?" అన్నాడు.

ఆ కొడుకు చేసింది సబబే. 1994లో ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన దండోరా ఉద్యమం అదే డప్పును తలెత్తుకుని మోగించింది, అదీ సబబే. వదిలేసే హక్కూ, ఎత్తుకునే హక్కూ వాళ్ళవి. మనం చెయ్యగలిగింది అడిగిన ధర ఇవ్వడం, వీణ మాస్టారికిచ్చే మర్యాదే ఇవ్వడం. బౌరాన్ కూడా ఒకప్పుడు ఎక్కువగా డిసెంబరు 26న వేషాలు కట్టి వీధుల్లో తిరిగేవాళ్ళు కొట్టుకున్నదే. 1960లలో షాన్ ఓ రియాడా అనే సంగీతకర్త దాన్ని కచేరీ బృందంలో కూర్చోబెట్టాడు. అందుకే ఇవాళ మా వదినగారి గోడ దాకా వచ్చింది.

పెద్దాయన చివరికి డప్పు చేసిచ్చాడు. నేర్పడానికి మాత్రం ఒక షరతు పెట్టాడు: "మీ ఇంటి లోపల కూకొని నేర్పుతా. అరుగు మీద అయితే రాను." సరే అనడానికి నాకు ఒక క్షణం పట్టింది. కథల్లో ఇలాంటి చోట్ల నా నాయికలు ఒక్క క్షణం కూడా తీసుకోరు. ఆ క్షణం ఆయన కంటపడిందనే ఇప్పటికీ నా సిగ్గు.

ఇప్పుడాయన ఆదివారాలు వస్తున్నాడు, హాల్లో కుర్చీలో కూర్చుంటున్నాడు, మా కప్పులోనే టీ తాగుతున్నాడు. పిల్లకి మొదటి డప్పు ఏది కొనాలని తెలిసినవాళ్ళు అడిగితే నేను ముందు ఒక మాట అడుగుతున్నాను: నేర్పడానికి వచ్చినాయన్ని మీరెక్కడ కూర్చోబెడతారు? అరుగు మీద అంటారా, మీరు ప్లాస్టిక్‌దే కొనుక్కోండి.