ఉరి అడిగిన నోళ్లం

ఘోరం జరిగిన ప్రతిసారీ జనగామలో, మహబూబాబాద్‌లో, భూపాలపల్లిలో కొవ్వొత్తులు పట్టుకుని నడిచాం. బడిపిల్లల చేతుల్లో చార్టులు పెట్టాం. వాటి మీది "ఉరి తీయాలి" అన్న అక్షరాలు పిల్లలవి కావు. స్కెచ్‌పెన్నుతో రాసిచ్చింది మనమే: పంతుళ్లం, వకీళ్లం, విలేకరులం. బిడ్డను పోగొట్టుకున్న తల్లి ఉరి అడిగితే తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. మనం ఆ తల్లులం కాదు. ఆమె దుఃఖాన్ని అడ్డం పెట్టుకుని ఆలోచించడం మానేసినవాళ్లం.

ఈ నేల ఒకప్పుడు అడిగింది వేరు. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉరిశిక్ష పడ్డ 12 మంది ప్రాణాల కోసం దేశం గొంతెత్తింది. లండన్ నుంచి న్యాయవాది డి.ఎన్. ప్రిట్ వచ్చి సుప్రీంకోర్టులో వాదించాడు. ఉరి తప్పినవాళ్లలో నల్లా నరసింహులు మన జనగామ బిడ్డే.

అట్లాంటి చోట పుట్టి మనం ఏం చేశాం? 2008 డిసెంబరులో వరంగల్ యాసిడ్ దాడి నిందితులు ముగ్గురినీ పోలీసులు కాల్చి చంపితే సంబరపడ్డాం. 2015 ఏప్రిల్ 7న ఐదుగురు విచారణ ఖైదీలను వరంగల్ జైలు నుంచి హైదరాబాద్ కోర్టుకు తీసుకెళ్తున్న వ్యాను జనగామ మీదుగానే పోయింది. ఆలేరు చేరేలోపు ఐదుగురూ శవాలయ్యారు. బేడీలతోనే సీట్లలో ఒరిగిపోయిన ఫొటోలు పేపర్లలో వచ్చాయి. చూసి పేజీ తిప్పాం.

1886 నాటి వరంగల్ సెంట్రల్ జైలును 2021 జూన్‌లో ఆసుపత్రి కోసం కూల్చారు. ఆసుపత్రి కావాల్సిందే. కానీ ఖైదీలను చర్లపల్లికీ ఇతర జైళ్లకూ తరలించినప్పుడు, కాటారం నుంచి ఒక ముసలమ్మ ములాఖత్‌కు ఎట్లా పోవాలని మనం అడగలేదు. ఆధార్ కార్డు కొంగున ముడేసుకుని, ఒకరోజు కూలి వదులుకుని, చీకటితో బస్సెక్కాలి. కొడుకుతో మాట్లాడేది కాసేపే.

2024 జూలై 1న కొత్త నేర చట్టాలు అమల్లోకి వచ్చాయి. మొదటిసారి ఐదు వేల లోపు దొంగతనం చేసి, సొమ్ము తిరిగిచ్చినవాడికి భారతీయ న్యాయ సంహిత జైలుకు బదులు సమాజ సేవ వేస్తుంది. మరణశిక్షో యావజ్జీవమో పడే నేరం కాకపోతే, అంతకుముందు ఏ నేరానికీ శిక్ష పడని విచారణ ఖైదీ గరిష్ఠ శిక్షలో మూడో వంతు లోపల గడిపాక బాండు మీద బయటికి రావచ్చు. సెలవు మీద ఇంటికెళ్లే ఖైదీకి ఎలక్ట్రానిక్ ట్రాకర్ తగిలించవచ్చని 2023 నాటి నమూనా జైళ్ల చట్టం అంటోంది. శిక్ష మెల్లగా జైలు గోడ దాటి ఊళ్లోకి వస్తోంది. రేపు దాన్ని నడిపించేది జైలరు కాదు, మనం.

మనం సిద్ధంగా ఉన్నామా? "ఆ పిలగాణ్ణి మా బడికి పంపండి, మొక్కలకు నీళ్లు పోస్తడు" అని కోర్టుకు చెప్పే హెడ్‌మాస్టర్లు మనలో ఎంతమంది? బెయిలొచ్చినా జమానతుకు మనిషి దొరక్క లోపలే ఉండిపోయేవాళ్లున్నారు. ఇంటిపన్ను రశీదు, పట్టా పాసుబుక్కు ఉన్నవాళ్లం మనమే. సంతకం పెట్టమంటే, "రేపు వాడు పారిపోతే నా నెత్తిమీదికొస్తది" అంటం. విడుదలై వచ్చినవాడికి గది కిరాయికియ్యం, పనికి పిలవం, పెండ్లికి చెప్పం. అట్లాంటి మన మధ్యకు ట్రాకర్‌తో ఒకడొస్తే, ముందు ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతాం. జైల్లో కనీసం అన్నం వేళకు నలుగురితో కూర్చుంటాడు. మన ఊళ్లో అదీ ఉండదు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలకు 2022 జూన్ 2న సొంత జిల్లా కోర్టులొచ్చాయి. వాటి పక్కనే న్యాయసేవాధికార సంస్థలున్నాయి. మా ఊళ్లో జమానతు నిలబడేవాళ్లు వీళ్లు, పని చూపించే బడి ఇది అని ఒక కాగితం రాసివ్వొచ్చు. సర్పంచులతో, యువజన సంఘాలతో కూర్చుని ఆ పేర్లు రాయించాల్సింది చదువుకున్న మనమే. అంత పని కూడా చేయకుండా, చట్టం మెత్తబడిందని టీ కొట్ల దగ్గర తిట్టుకుంటున్నాం.