గడువు చెప్పుటలో నిజాయితీ

“ఆలస్యం అమృతం విషం” అనుమాట తెలుగువారి నోట తరచు వినబడును. ఆలస్యమైనను సవ్యముగా వచ్చినదే మేలను అర్థమున “దేర్ ఆయద్ దురుస్త్ ఆయద్” అందురు ఉర్దూ భాషీయులు. కంప్యూటరు ప్రోగ్రాము వ్రాయ పూనుకొన్న మన విద్యార్థులు ఈ రెండింటిలో దేనిని నమ్మవలెను?

గత సంవత్సరము కొందరు విద్యార్థులు గ్రంథాలయపు పుస్తకముల పట్టికకు ప్రోగ్రాము వ్రాయ మొదలిడిరి. వార్షికోత్సవమునాటికి ముగియవలెనని మేమే పట్టుపట్టితిమి. సాధ్యము కాదని వారికి తెలియును; అయినను భయముచే “అలాగే సార్” అనిరి. గడువు సమీపింపగా మరి నలుగురిని చేర్చితిమి. వారికి పని బోధించుటతోనే వారము గడచెను. ఉత్సవమునాడు తెరపై ఉర్దూ పేర్ల అక్షరములు విడివడి, ఎడమనుండి కుడికి తిరుగబడి కనిపించెను. తప్పు మాది.

ఆలస్యమైన పనికి మనుష్యులను చేర్చిన అది మరింత ఆలస్యమగునని ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లోనే వ్రాసెను. ఉంగుటూరు రైతుకు ఇది క్రొత్త కాదు. కూలీలు పెరిగిన నాట్లు త్వరగా ముగియును. నారు ఎదుగుటకు మాత్రము పట్టవలసిన దినములు పట్టవలసినదే.

మరి భయపడువాడేమి చేయును? 1966లో అమెరికా టెలివిజనులో ఆరంభమైన ‘స్టార్ ట్రెక్’ ధారావాహికలోని స్కాటీ అను ఇంజనీరు అద్భుతములు చేయువాడని పేరొందినవాడు. 1992లో దాని తరువాతి ధారావాహికలో కనిపించి తన రహస్యము తానే చెప్పును: అసలు పట్టు కాలమును నాయకునకు తెలుపరాదట! చూచువారికిది వినోదమే. కాని పనివాడు గడువు పెంచి చెప్పుట, అది యెరిగి నాయకుడు సగమునకు తగ్గించుట అలవాటైనచో నిజము ఎవరికిని తెలియదు.

ఇందుకు విరుగుడు మన రాష్ట్రముననే కలదు. 1979 ఆగస్టు 10న శ్రీహరికోటనుండి ఎగసిన ఎస్.ఎల్.వి.-3 విఫలమయ్యెను. ఆగుమని కంప్యూటరు సూచించినను తాము ముందుకు సాగితిమని ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాం గారు అనంతర కాలమున దాపరికము లేక చెప్పిరి. నాడు పత్రికలవారి యెదుట బాధ్యత వహించినవారు ఇస్రో అధ్యక్షులు సతీష్ ధావన్ గారు. 1980 జూలై 18న రోహిణి కక్ష్యను చేరగా, విలేఖరులతో మాటలాడు గౌరవమును వారు కలాం గారికే విడిచిరి. అట్టి నాయకుడున్నచోట స్కాటీ యుక్తితో పనిలేదు.

విద్యార్థులారా, కానిది కాదని మొదటి వారమే చెప్పుడు. ఆ మాటను అవిధేయతగా తలంపవలదని కార్యవర్గమువారికి మా విన్నపము. ఈ యేడు గడువును పనిచేయువారే నిర్ణయింతురు. తప్పినచో సంజాయిషీ మేమిత్తుము.