1996 తీర్పులో జాకీ వాటా ఏది?

గుర్రపు పందేలపై జీఎస్టీని 28 శాతం నుంచి 40 శాతానికి పెంచి, క్యాసినోలు, లాటరీల సరసన నిలబెట్టారు. 2025 సెప్టెంబరు 22 నుంచి అదే అమలవుతోంది. అప్పటి నుంచి నడుస్తున్న వాదనలు చదివి చదివి విసుగొచ్చింది. ఇంత పన్ను వేస్తే పందెం కాసేవాళ్లంతా దొంగ బుకీల దగ్గరికి పోతారని ఒక పక్షం. జూదానికి ఎంత పన్నైనా తక్కువేనని రెండో పక్షం. రెండు పక్షాలకూ కావలసింది డబ్బు కాసేవాడే. గుర్రం మీద కూర్చునేవాడి గురించి ఒక్క వాక్యం లేదు. ఈ దేశంలో గుర్రపు పందెం చట్టం ముందు నిలబడిందంటే అందులో జాకీ నైపుణ్యానికి వాటా ఉంది. ఆ మాట 1996 జనవరి 12న సుప్రీంకోర్టే చెప్పింది.

డాక్టర్ కె.ఆర్. లక్ష్మణన్ కేసు అది. పందేలను జూదంగా లెక్కగట్టి నిషేధించాలని, మద్రాస్ రేస్ క్లబ్బును స్వాధీనం చేసుకోవాలని తమిళనాడు ప్రభుత్వం చట్టాలు చేస్తే, గుర్రపు పందెంలో గెలుపు ప్రధానంగా నైపుణ్యం మీదే ఆధారపడుతుందని కోర్టు తేల్చింది. గుర్రం ఫామ్, దాని సహజమైన సత్తా, అది మోసే బరువు, పరుగెత్తే దూరం, జాకీ సామర్థ్యం... ఇవన్నీ ముందుగా అంచనా వేయగల విషయాలు కాబట్టి ఇది కేవలం అదృష్టం కాదన్నది. ఆ జాబితా మళ్లీ చదవండి. గేటు తెరుచుకున్న క్షణం నుంచి గెలుపు గీత దాటేదాకా నిర్ణయాలు తీసుకునే మనిషి అందులో ఒక్కడే. జాకీ.

క్లబ్బుల వకీళ్లకు ఈ తీర్పు కంఠతా వచ్చు. లైసెన్సు గొడవ వచ్చినా, పన్ను గొడవ వచ్చినా మొదట బయటకు తీసేది దీన్నే. ఆన్‌లైన్ రమ్మీ, ఫ్యాంటసీ క్రికెట్ కంపెనీలు కూడా 2025 ఆగస్టులో కేంద్రం కొత్త చట్టం తెచ్చేదాకా ఇదే తీర్పు నీడలో వ్యాపారం చేసుకున్నాయి. జాకీ నైపుణ్యం పేరు చెప్పి ఇంతమంది బతికారు. జాకీకి మాత్రం ఆ తీర్పు నుంచి దక్కింది ఏమీ లేదు.

ఆ నైపుణ్యం ఎలాంటిదో దగ్గరగా చూడాలి. తెల్లవారకముందే ట్రాక్ వర్క్. ఒకదాని తర్వాత ఒకటిగా గుర్రాలెక్కి పరుగెత్తించి, వాటి ఊపిరి, కాళ్లు ఎలా ఉన్నాయో ట్రైనర్‌కు చెప్పాలి. రేసు రోజున ముందు తూకం. తనకు కేటాయించిన బరువు 55 కిలోలైతే, జీనుతో కలిపి సరిగ్గా అంతే తూగాలి. తక్కువైతే జీను సంచిలో సీసపు బద్దలు పెడతారు. ఎక్కువైతే ఆ రైడ్ చేజారే ప్రమాదం. అందుకే ముందు రోజు నుంచే తిండి మానేస్తారు, గుక్కెడు నీళ్లతో సరిపెడతారు, ఆవిరి గదిలో కూర్చుని చెమట కారుస్తారు. నాలుక పిడచకట్టిన ఆ ఒంటితోనే, గంటకు 60 కిలోమీటర్ల వేగంతో దూసుకుపోయే అర టన్ను జంతువు మీద రికాబుల్లో మునివేళ్లు మోపి, వంగి నిలబడాలి. పరుగు ముగిశాక మళ్లీ తూకం. తేడా వస్తే గెలిచిన గెలుపు కూడా పోతుంది. ప్రతి రేసులో గుర్రాల వెనకే అంబులెన్సు పరుగెడుతుంది. పని జరుగుతున్నంతసేపూ అంబులెన్సు వెంటాడే వృత్తులు మన చుట్టూ ఇంకెన్ని ఉన్నాయి?

2019లో మలక్‌పేట రేస్‌కోర్సులో ఒక యువ జాకీ గుర్రం మీద నుంచి పడి చనిపోయాడు. సొంత ఊరు రాజస్థాన్, చనిపోయింది తెలంగాణలో. రెండు రోజులు వార్త అయ్యాడు. తర్వాత మళ్లీ పన్ను, భూమి, లీజు కబుర్లే. 2024 జూన్‌లో బెంగళూరు పందేలకు కర్ణాటక హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం అనుమతిస్తే, కొద్ది రోజులకే డివిజన్ బెంచ్ ఆపేసింది. అదే ఏడాది సెప్టెంబరులో చెన్నైలోని గిండీ రేస్‌కోర్సు 160 ఎకరాల లీజును ప్రభుత్వం రద్దు చేసి గేట్లకు సీలు వేసింది. ఎకరాల లెక్క పత్రికల్లో వచ్చింది, బకాయిల లెక్క వచ్చింది. పందేలు ఆగిన రోజుల్లో రైడింగ్ ఫీజు మీద బతికేవాడి ఇంట్లో పొయ్యి ఎలా వెలిగిందన్న లెక్క ఎవరూ అడగలేదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. జాకీకి లైసెన్సు ఇచ్చేది క్లబ్బు. తప్పు చేస్తే సస్పెండ్ చేసేది క్లబ్బు నియమించిన స్టూవార్డులు. గుర్రం ఎక్కించేది ట్రైనర్. డబ్బు ఇచ్చేది గుర్రం సొంతదారు. ఇందరు పెద్దలున్నా చట్టం దృష్టిలో పని ఇచ్చిన యజమానిగా బాధ్యత మాత్రం ఎవరికీ లేదు. రైడ్‌కు ఇంతని ఫీజు, గెలిస్తే స్టేక్ మనీలో కొద్ది శాతం. పడితే ఏమీ లేదు. రేస్ క్లబ్బు కూడా ఈఎస్ఐ చట్టం కిందికి వస్తుందని సుప్రీంకోర్టు 2004లో హైదరాబాద్ రేస్ క్లబ్ కేసులోనే చెప్పింది. 2014లో బెంగళూరు టర్ఫ్ క్లబ్ కేసులో ఆ మాటనే మరింత గట్టిపరిచింది. క్లబ్బు ఉద్యోగులకు ఆ తీర్పులు అక్కరకొచ్చాయి. జాకీని ఉద్యోగిగా లెక్కించే నాథుడు లేడు కాబట్టి అతనికి అందలేదు. క్లబ్బో, సంఘమో ఇచ్చే బీమా, సాయం ఉంటే మంచిదే. అది వాళ్ల దయ. నేను అడుగుతున్నది హక్కు.

జాకీలు లక్షలు గడిస్తారు కదా, సూరజ్ నర్రెడును చూడండి అంటారు. మలేశ్ నర్రెడు, సూరజ్ నర్రెడు, పేసీ ష్రాఫ్ వంటి ఛాంపియన్లను చూపించి వృత్తి మొత్తాన్ని కొలవకూడదు. ఒక స్టార్ హీరో పారితోషికం చూసి లైట్‌బాయ్‌కి ఆరోగ్య బీమా అక్కర్లేదంటామా? వారానికి రెండు రైడ్‌లు దొరికితే చాలనుకునే జాకీలు, పొద్దున్నే గుర్రాలను తిప్పే రైడింగ్ బాయ్‌లు, గుర్రాలను సాకుతూ లాయాల్లోనే పడుకునే సైసులు... పరిశ్రమ నిలబడింది వీళ్ల వెన్నెముకల మీద.

ఆంధ్రప్రదేశ్‌లో రేస్‌కోర్సే లేదు, మనకెందుకీ గొడవ అనేవాళ్లున్నారు. మా తనకల్లుకు వచ్చి చూడండి. వేరుశనగ దెబ్బతిన్న ఏడు ఇక్కడి కుర్రాళ్లు కదిరి వైపో, మదనపల్లె వైపో బస్సెక్కి చివరకు తేలేది బెంగళూరులోనే. కట్టడం పనికి పోతారు, సెక్యూరిటీ పనికి పోతారు, లాయంలో పని దొరికితే అదీ చేస్తారు. ఊరు ఒక రాష్ట్రంలో, పని ఇంకో రాష్ట్రంలో ఉన్నవాడి బాధ్యత ఎవరిదన్న ప్రశ్న కరవు జిల్లాకు కొత్తది కాదు. దాన్ని తప్పించుకునే అలవాటు ప్రభుత్వాలకూ కొత్తది కాదు.

పందెం మోజులో పొలాలమ్ముకున్న కుటుంబాలున్నాయి, నిజమే. వాటి కోసం ఎంత కట్టడి పెట్టినా నాకు అభ్యంతరం లేదు. కానీ ఆ పాపం జాకీ నెత్తిన రుద్దడం అన్యాయం.

దారి కష్టమైనది కాదు. 1963-64లో ఇద్దరు జాకీలు నెలల తేడాతో పడి కాళ్లు చచ్చుబడితే బ్రిటన్‌లో గాయపడిన జాకీల కోసం ప్రత్యేక నిధి పుట్టింది. అరవై ఏళ్లుగా అది నడుస్తోంది. మన దగ్గర 2025 నవంబరులో అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్, ఇంటికి భోజనం తెచ్చే కుర్రాడిని గుర్తించి, అతనితో పని చేయించుకునే కంపెనీల టర్నోవర్‌లో 1 నుంచి 2 శాతం అతని సంక్షేమానికి కట్టమంది. అదే సూత్రం పందెం డబ్బుకు ఎందుకు వర్తించదు? రాజ్యాంగం రాష్ట్ర జాబితాలో 33వ అంశం క్రీడలు, 34వ అంశం పందేలు, జూదం. రెండూ రాష్ట్రాల చేతిలోనివే. ఆంధ్రప్రదేశ్ 1974 గేమింగ్ చట్టంలో గుర్రపు పందేనికి మినహాయింపు ఇచ్చిన శాసనసభకు, ఆ మినహాయింపు ఎవరి ప్రతిభ వల్ల నిలబడిందో వాళ్లకు నిధి పెట్టడం చేతకాదా?

క్లబ్బులకు నేరుగా ఒక మాట. రేపు మీ వకీలు 1996 తీర్పు పట్టుకుని కోర్టు మెట్లెక్కితే, మీరు నైపుణ్యం అంటున్న ఆ మనిషికి ఏం ఇచ్చారో న్యాయమూర్తి అడగాలి. ఇవ్వనివాళ్లకు ఆ తీర్పు చదివే అర్హత లేదు. ప్రభుత్వాలకూ ఒక మాట. ఇది జూదమే అని నమ్మితే ధైర్యంగా మూసేయండి, వీళ్లకు వేరే బతుకు చూపించండి. కాదు నైపుణ్యమే అంటే, ప్రతి వంద రూపాయల పందేనికీ నలభై రూపాయల పన్ను లాక్కునే చేత్తో అందులో ఒక్క రూపాయి జాకీకి, రైడింగ్ బాయ్‌కి, సైసుకు చట్టబద్ధంగా తీసి పెట్టండి. ఆ రూపాయి కూడా ఇవ్వని సర్కారుకు మిగిలిన ముప్పై తొమ్మిదీ తీసుకునే నైతిక హక్కు లేదు.