చందాతోనే ఆగరాదు

రహదారి ప్రమాదంలో నడుము విరిగిన డ్రైవరుకో మెకానిక్కుకో జమాఅత్ చందా పోగుచేస్తుంది. అది సదఖా, నష్టపరిహారం హక్కు. ఆ హక్కు కోసం తిరిగేవారు లేకనే, వాటా అడిగే దళారి చాపిన తెల్లకాగితంపై కుటుంబం వేలిముద్ర వేస్తోంది.

1987 నాటి న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ స్త్రీలకు, పిల్లలకు, దివ్యాంగులకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయవాదిని ఇస్తుంది. చిత్తూరులోని జిల్లా న్యాయసేవాధికార సంస్థను గాని, 15100 నంబరును గాని సంప్రదించవచ్చు. మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ క్లెయిముకు ఆరు నెలల గడువు పెట్టింది; ఆలోగా దాఖలు చేయడమే క్షేమం. ఢీకొన్న వాహనం ఆచూకీ దొరకకున్నా తీవ్ర గాయానికి 50 వేల రూపాయల పరిహారం ఉంది.

ప్రతి మసీదు కమిటీ ఒకరికి ఈ బాధ్యత అప్పగించాలి. ఎఫ్‌ఐఆర్ నకలు, గాయాల ధ్రువపత్రం, ఆస్పత్రి బిల్లులు మొదటి వారంలోనే భద్రపరచాలి. బాధితుడు మంచం దిగలేడు. కాగితాల వెంట నడవవలసింది మనమే.